ట్రయాంగిల్ సారు

సర్వే సారు ఎక్కడ కారు దిగినా తారు మీదే దిగుతాడు. సూర్యాపేట హైవే మీద ఉంది, కోదాడ హైవే మీద ఉంది, కాబట్టి జిల్లా యావత్తూ హైవే మీదే ఉందని ఆయన నమ్మకం. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్, నోట్లో 'మిక్స్‌డ్ మెథడ్స్'. అంటే ఏంటి సార్ అని అడిగితే దాచుకోడు: "అంకెలు కలిసొస్తే అంకెలు, లేకుంటే కతలు."

ఈసారి ప్రశ్న: ఉమ్మడి నల్గొండ వరి రైతు సంతోషంగా ఉన్నాడా? మొదటి మజిలీ సూర్యాపేట బస్టాండ్ దగ్గర ఛాయ్ బండి. అక్కడున్న ఆరుగురిలో అయిదుగురు తలూపారు. ఆరో ఆయన ఫోన్లో ఉన్నాడు. ట్యాబ్‌లో 83.33 శాతం ఎక్కింది. తలూపినవాళ్లలో ఇద్దరు ఆర్టీసీ డ్రైవర్లన్న సంగతి మాత్రం ఎక్కలేదు.

ఇంకా ఎక్కువమందిని అడగొచ్చుగా అంటే, "అడుగుతా, ఇంకో పది ఛాయ్ బండ్లున్నయి" అంటాడు. మంది పెరిగితే చాలదు: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి కార్డులు పంపి, దాదాపు 24 లక్షల జవాబులు పోగేసి, లాండన్ గెలుస్తాడంది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. పేర్లేమో టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాల్లోంచి ఏరినవాయె. అందులోనూ తీరిక చేసుకుని జవాబు రాసినవాళ్లు కొందరే. ఎందరిని అడిగామన్నదానికంటే ఎవరు తప్పిపోయారన్నదే అసలు లెక్క.

కోదాడ పక్క పల్లెకు సారు పదకొండింటికి చేరాడు. పత్తి ఏరే రోజులు. ఆడకూలీలు తెల్లారకముందే ఆటోల్లో వెళ్లిపోయారు. అరుగు మీద ముగ్గురు ముసలివాళ్లు దొరికారు. ఫోకస్ గ్రూప్ అయిపోయింది.

మిర్యాలగూడలో మరీ సుఖం. రైసుమిల్లు ఆఫీసులో ఏసీ. "తూకంలో తరుగు తీస్తరా?" అనడిగాడు. "అబ్బే" అన్నాడు యజమాని. నూటికి నూరు శాతం! గేటు బయట వడ్ల ట్రాక్టర్ల వరసలో, రాత్రంతా బస్తాల మీదే పడుకున్న రైతులు సారుకు అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నారు. 1983లో రాబర్ట్ చాంబర్స్ గ్రామీణాభివృద్ధి మీద పుస్తకం రాస్తూ, పరిశోధకుల చూపు తారురోడ్డు దాటదని దెప్పిపొడిచాడు. ఆయన మా సారును చూడకుండానే రాశాడు.

సాయంత్రం మ్యాప్ తీసి మూడు ఊళ్లనూ గీతలతో కలిపాడు. "చూడుండ్రి, ట్రయాంగులేషన్!" తూకం చీటీ ఓ పక్క, రైతు మాట ఓ పక్క, కాంటా దగ్గర మనం నిలబడి చూసింది ఓ పక్క పెట్టి, మూడూ ఎక్కడ పొసగడంలేదో నిలదీయడాన్ని కదా ఆ పేరుతో పిలిచేది! సారుకు త్రికోణం కుదిరింది, చాలు. కాలువ కింది ఊళ్లు చూసి, బోర్లు నమ్ముకున్న దేవరకొండ రైతుకూ సంతోషం రాసిచ్చేశాడు.

తిరుగుదారిలో పంక్చరై కారాగింది. ఓ అవ్వ దగ్గరికొచ్చింది. నీళ్లు సరిపోతున్నాయా అవ్వా అన్నాడు, ఖాళీగా ఉండలేక.

"కాల్వ నీళ్లు గూడ నీ లెక్కనే బిడ్డా. తూము కాడి మడులకే సాలు, ఆఖరుకున్న మాదాంక రావు."

సారు మురిసిపోయి టకటకా కొట్టుకున్నాడు. నివేదికలో, గుణాత్మక ఆధారాల కింద, అవ్వ మాట ఇలా అచ్చయింది: "నీళ్లు... సాలు."