చీటీ

విలియం కార్లోస్ విలియమ్స్ అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని రూథర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో డాక్టరు. పగలంతా కాన్పులు, పసిపిల్లల జ్వరాలు. మధ్యలో దొరికిన ఖాళీలో కవిత్వం. 1934లో అచ్చయిన ఆయన పద్యమొకటి మా మేనల్లుడికి బీఏ ఇంగ్లీషులో పాఠంగా వచ్చింది. మొత్తం 28 మాటలు. కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. ఐస్ పెట్టెలో ఉన్న ప్లమ్ పళ్లు తినేశానని భార్యకి చీటీ రాసిపెట్టినట్టు ఉంటుంది. అవి పొద్దున తినడానికి ఆవిడ ఉంచుకున్నవేమోనని ఆయనే అంటాడు. క్షమించమని ఒక్క ముక్క అడిగి, ఆ వెంటనే పళ్ల రుచిలో పడిపోతాడు.

ఇది క్షమాపణా, కాదా? వాడు రాయాల్సిన జవాబు అది.

మే నెల సాయంత్రం, చెన్నై వెస్ట్ మాంబళంలో అక్కావాళ్లిల్లు. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా చొక్కాలు ఒంటికి అతుక్కుపోతున్నాయి.

"చీటీని ముక్కలు చేసి కిందకీ పైకీ పేరిస్తే పద్యమైపోతుందా ఏమోయ్?" అన్నారు బావగారు.

నాకు ఇష్టమైన పద్యం. ఊరుకోలేకపోయాను. 1939లో మన నెల్లూరు పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' అచ్చు వేసినప్పుడు కూడా ఛందస్సు తెలిసినవాళ్లు ఇలాగే ముక్కున వేలేసుకున్నారని చెప్పాను. ఈ పద్యంలో ఒక్క పెద్ద మాట లేదు, ఉపమానం లేదు. అయినా చదివాక నోట్లో చల్లగా, తియ్యగా ఏదో మిగులుతుంది. ఆశకి లొంగిపోయిన మనిషిని ఇంత తక్కువ మాటల్లో పట్టుకోవడం సామాన్యమైన పని కాదు.

"ఐస్ పెట్టె ఏంటి మామయ్యా, ఫ్రిజ్ అనొచ్చుగా?" అన్నాడు వాడు.

దానికి బావగారే అందుకున్నారు. "ట్రిప్లికేన్‌లో ఐస్ హౌస్ అని ఎందుకంటారనుకున్నావు? ఇప్పుడు వివేకానందర్ ఇల్లం ఉందే, ఆ మేడే. 1840ల్లో అమెరికా నుంచి ఓడల్లో మంచుగడ్డలు తెచ్చి అందులో దాచేవాళ్లు. ఐస్ పెట్టె అంటే అలాంటి గడ్డ పెట్టుకునే బీరువా. చల్లదనం కొనుక్కోవాల్సిన వస్తువురా అప్పట్లో!"

ఆ వివరంతో ఆయనకి పద్యం మీద కాస్త మనసు కుదిరింది. కుదిరినా వాదన మాత్రం వదల్లేదు. "తప్పు చేసి, ఆ తప్పు ఎంత రుచిగా ఉందో చెబుతున్నాడు. ఇది క్షమాపణ ఎలా అవుతుంది?"

అక్క అప్పుడే వంటింట్లో బంగినపల్లి పళ్లు కోసింది. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసిన ముక్కలు, స్టీలు పళ్లేల్లో, ముగ్గురికీ. తను సింకు దగ్గరే నిలబడి టెంక చీకుతోంది. రసం మోచేతి దాకా కారితే చెయ్యి పైకెత్తి తుడుచుకుంటోంది.

నేను మా వాడికి ఆ పద్యం తరవాతి కథ చెప్పాను. విలియమ్స్ భార్య పేరు ఫ్లాసీ. ఆవిడా ఆయనకి ఒక చీటీ రాసింది. ఆయన దాన్ని కూడా పద్యంలాగే పేర్చి ఉంచుకున్నాడు. ఆయన 1963లో పోయాడు. అది అచ్చయింది 1982లో. అందులో పళ్ల గురించి నిష్ఠూరం లేదు. శాండ్‌విచ్‌లు చేసి పెట్టాననీ, పెట్టెలో ఇంకా ఫలానావి ఉన్నాయనీ, టీ కావాలంటే ఎలా కాచుకోవాలో కూడా చెప్పింది.

"అంటే క్షమించేసినట్టే!" వాడి మొహం వెలిగింది. నోట్‌బుక్కు లాక్కుని రాసుకోబోతూ ఆగి, వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైతే క్షమిస్తావా?"

అంతా వింటూనే ఉన్నట్టుంది అక్క.

"ఆయన మంచివాడేరా," అంది. "ఆ పళ్లు పెళ్లాం తనకోసం ఉంచుకున్నవని ఆయనకి తెలుసు. తెలుసు కాబట్టే చీటీ రాయాలనిపించింది. మనింటి ఫ్రిజ్‌లో 'ఇది అమ్మది' అని మీరెప్పుడైనా అనుకున్నది ఒక్కటుందా?"

"అదేమిటే, అలాగంటావు!" బావగారు నిజంగానే నొచ్చుకున్నారు. "టెంకలు నీకు ప్రాణమని, పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఒక్కళ్లమూ వాటి జోలికి పోలేదు కదా!"

అక్క టెంకని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుంది.

"నాకూ ముక్కలే ఇష్టమండీ."