పరాయి పిచ్చికి కుట్టుకూలి

అభిమాని అంటే తన దేవుణ్ణి తప్ప మరొకణ్ణి ఒప్పుకోని మనిషని మన లెక్క. ఒక హీరో కటౌటుకు పాలాభిషేకం చేసినవాడు పక్క థియేటర్లో ఇంకో హీరో బొమ్మకు దండ వేశాడంటే, వాడికి మతైనా పోయి ఉండాలి, డబ్బైనా ముట్టి ఉండాలి. సరిగ్గా ఆ పనే పైసా ముట్టకుండా, మతి ఉండగానే చేసే అభిమానుల జాతి ఒకటి అమెరికాలో ఉంది. మినీ క్విల్టుల (గుడ్డముక్కలు అతికి కుట్టే చిన్న బొంతల) మార్పిడిలో పేరిచ్చిన ఇల్లాలు (మగవాళ్లూ ఉన్నారు గానీ తక్కువ) తన అభిమానాన్ని కాసేపు అటకెక్కించి, ముక్కూమొహం తెలియని మనిషి అభిమానానికి కొలతలు తీసుకుంటుంది. అభిమానుల్లో ఇంతటి మర్యాదస్తులు మరొకరు లేరని నా వాదన. ఆ మర్యాదే శ్రుతిమించి మనకు నవ్వు తెప్పిస్తుంది.

మార్పిడి పద్ధతి చూడండి. చేరేవాళ్లంతా ఒక ఫారం నింపుతారు: నచ్చే సినిమాలు, సీరియళ్లు, రంగులు, బొత్తిగా గిట్టనివి. నిర్వాహకురాలు ఒక్కొక్కరికి ఒక భాగస్వామిని అప్పగిస్తుంది. ఎవరికి కుడుతున్నదీ పార్సిల్ అందేదాకా గుట్టు. దాంతో కుట్టే ఇల్లాలిలోని అపరాధ పరిశోధకురాలు నిద్ర లేస్తుంది. భాగస్వామి పాత ఫొటోలు తిరగేసి, గోడ రంగు దగ్గర్నుంచి కాఫీ కప్పు మీది బొమ్మదాకా నోట్ చేసుకుంటుంది. ఈ పనిని వాళ్లు నిస్సంకోచంగా స్టాకింగ్ అంటారు. అవతలివాళ్లు సంతోషించే స్టాకింగ్ బహుశా ఇదొక్కటే. తను స్టార్ వార్స్ మనిషై ఉండి, వంతుకు డాక్టర్ హూ భక్తురాలు వచ్చిందనుకోండి. 1963లో బీబీసీ మొదలుపెట్టిన ఆ సీరియల్లో కాలంలో ప్రయాణించే యంత్రం నీలం రంగు పోలీసు పెట్టెలా ఉంటుంది. ఆ నీలం ఏ నీలం? కొట్లో ఉన్న నీలాలన్నీ దింపించినా తేలదు. ఆ సీరియల్ 1970లో రంగుల్లోకి వచ్చేదాకా జనం ఆ పెట్టెను బూడిదరంగులోనే చూసి మనసిచ్చారని చెప్పి చూడండి, ఆవిడ మీవైపు జాలిగా చూస్తుంది. హ్యారీ పోటర్ భక్తురాలైతే చిక్కు వేరు. స్లిదరిన్ వర్గం మనిషికి ప్రత్యర్థి వర్గమైన గ్రిఫిండోర్ ఎరుపూ బంగారమూ పంపితే కానుక కాస్తా కయ్యమవుతుంది. ఇక కుట్టు సంగతి. పేపర్ పీసింగులో కాగితం మీది గీతల వెంట, అంకెల వరసలో, పావంగుళం అంచు వదిలి గుడ్డముక్కలు కుట్టి, చివర్లో కాగితం చింపేస్తారు. గీతలున్న వైపు వెనకవైపు అవుతుంది కాబట్టి బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. పోలీసు పెట్టె మీది అక్షరాలన్నీ కుట్టేశాక గానీ ఈ సంగతి చాలామందికి గుర్తురాదు. కుట్టిన చేత్తోనే విప్పుతారు. విప్పడంలో వాళ్లకున్న ఓపిక చూస్తే నా వాదనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంతా చేసి చేతికొచ్చేది మహా అయితే రెండడుగుల చదరం, అదీ గోడకు తగిలించడానికి. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత చలి ఆపింది. కొత్తబట్ట కొని, ముక్కలు కోసి, మళ్లీ అతికి, మధ్యన దూది పరిచి మేకుకు వేలాడదీయడమేమిటని ఎవరైనా అడగొచ్చు. గట్టి ప్రశ్నే. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం పడకల మీది పాత క్విల్టులను గోడలకెక్కించి కళాఖండాలుగా చూపించిందన్నది సగం జవాబు. మిగతా సగం ఇదీ: కప్పుకునేదైతే పుచ్చుకున్నావిడ కప్పుకుని నిద్రపోతుంది. దీన్ని మాత్రం చూసి మెచ్చుకోవడం తప్ప ఏమీ చేయలేదు. మెచ్చడమా మెచ్చకపోవడమా అన్నది ఒక్కటే మిగిలినప్పుడు, కుట్టినావిడ ఎదుటిమనిషిని ఎంత అర్థం చేసుకుందో దాచడానికి చోటుండదు. ఆ బొమ్మలు అచ్చువేసిన బట్ట కొట్లో దొరుకుతుంది కదా అంటారా, దొరుకుతుంది. దానికి మీ గురించి ఏమీ తెలియదు.

తనకూ ఒక పార్సిల్ వస్తుంది కదా, ఇదంతా చదివింపుల పుస్తకమే కదా అని ఇంకొందరు దెప్పుతారు. చదివింపుల్లో ఇచ్చినవాళ్లకే తిరిగి ఇస్తాం. ఈ మార్పిళ్లలో చాలావాటిలో ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మూడోవారికి పంపుతారు, కాబట్టి ఇద్దరి మధ్య తేల్చుకోవాల్సిన బాకీ ఉండదు. ట్రోబ్రియాండ్ దీవులవాళ్లు గవ్వల హారాలను ఒక దిశలో, దండకడియాలను ఎదురు దిశలో దీవి నుంచి దీవికి పంపుకునే కులా పద్ధతిని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1922లో అచ్చయిన పుస్తకంలో వర్ణించాడు. అక్కడా ఆ వస్తువులు పెద్దగా పనికొచ్చేవి కావు, పరువంతా పంపడంలోనే. అయితే కులాలో చేతికందినదాన్ని మళ్లీ సాగనంపాలి. మన ఇల్లాలు మేకుకు తగిలించి ఉంచేసుకుంటుంది. ఆ తేడా ఒప్పుకుంటూనే ఒక మాట అడుగుతాను. కానుక పుచ్చుకుని తన వంతు ఎగ్గొట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అలా మోసపోయినవారి కోసం మరొకరు ముందుకొచ్చి, ఏమీ ఆశించకుండా ఇంకో క్విల్టు కుడతారు. వాళ్లను ఏంజెల్ అంటారు. ఏ చదివింపుల పుస్తకంలో ఈ పద్దుకు గడి ఉంది?

నాకు మింగుడుపడనిది ఒక్కటే, ఎక్స్‌ట్రాలు. క్విల్టు ఒక్కటే పంపితే పిసినారి అని ఎవరూ అనరు, అంటారేమోనని ఆవిడే అనుకుంటుంది. అందుకని ఒక సూదుల దిండు, చాక్లెట్లు, టీ పొట్లాలు, నాలుగు కొత్త గుడ్డముక్కలు. పెట్టె చాలదు. పెద్ద పెట్టె తెస్తుంది, పోస్టు ఖర్చు బట్ట ఖర్చును దాటుతుంది. తీరా సర్దాక ఆ పెద్ద పెట్టెలో ఓ మూల ఖాళీ కనిపిస్తుంది. ఖాళీగా పంపితే ఏం బాగుంటుందని మళ్లీ కొట్టుకు బయల్దేరుతుంది.