ఇసుకకు లబ్ధిదారులెవరు?

విశాఖపట్నంలో డబ్బున్న గేట్లకు కొదవ లేదు. పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ, ఎరువుల కంపెనీ, ఓడలు కట్టే యార్డు... గాజువాకలో బస్సెక్కి కాన్వెంట్ జంక్షన్ దాకా కిటికీ పక్కన కూర్చుంటే ఈ ఊళ్ళో పేదరికం ఎలా బతుకుతోందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఆ గేట్ల లోపలికి ప్రాజెక్టు ఫైలు పట్టుకుని వెళ్ళిన మాస్టార్లకు మాత్రం ఆ ఆశ్చర్యం ఉండదు.

కంపెనీ ఆఫీసుల్లో మర్యాదకు లోటుండదు. ముందు టీ వస్తుంది. తర్వాత బిస్కట్లు. జీడిపప్పు ప్లేటు గనక వచ్చిందా, ఇక ఆశ వదులుకోవచ్చు. మర్యాద ఎంత పెరిగితే చెక్కు అంత దూరం జరుగుతుందని మా సైన్సు విభాగంలో అందరికీ తెలిసిన సూత్రం. దీన్ని ఇంకా ఏ జర్నల్లోనూ అచ్చు వేయలేదు. దానికీ గ్రాంటు కావాలి.

పూర్వం దానం మనసును బట్టి ఉండేది. 2014 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్‌ను బట్టి ఉంటోంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఐదు వందల కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, ఐదు కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. సీఎస్సార్ అంటే ఇదే. కర్ణుడి కాలానికి ఈ చట్టం లేదు కాబట్టి కవచం మొత్తం కోసిచ్చేశాడు. ఉండుంటే ఇంద్రుణ్ణి కూర్చోబెట్టి, మూడేళ్ళ సగటు తీసి, రెండు శాతం చెక్కి, రసీదు మీద సంతకం పెట్టించుకునేవాడు. కుండలాలు చట్టం ఒప్పుకునే పనుల జాబితా షెడ్యూల్ ఏడులో లేవని వాటిని చెవులకే ఉంచుకునేవాడు.

ఊరికి పేరు తెచ్చిన ఉక్కు ఫ్యాక్టరీ దగ్గరికి ముందు వెళ్దామని కుర్ర లెక్చరర్లు ఉత్సాహపడ్డారు. వారించాను. లాభాల సగటులో రెండు శాతం అన్నప్పుడు లాభం అనేది ఒకటుండాలి కదా. ఆ ఫ్యాక్టరీయే 2025 జనవరిలో కేంద్రం నుంచి 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ అందుకుంది. అడుక్కునేవాడి దగ్గర గీక్కునేవాడి సామెత మన పేరు మీద మళ్ళీ పుట్టించడం దేనికని ఆ గేటు వదిలేశాం.

ఇంతకీ మేం అడిగింది ఏమంటే, ఇసుకను కొలవడానికి డబ్బు. మన తీరం వెంట ఇసుక ఊరికే పడి ఉండదు. అలలు దాన్ని ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తూ ఉంటాయి. దారిలో డాల్ఫిన్స్ నోస్ కొండ, హార్బరు గోడలు అడ్డం. ఇసుక అక్కడ ఆగిపోతుంది, ఇవతల ఆర్కే బీచి కోసుకుపోతుంది. అందుకే డ్రెడ్జరు అక్కడి ఇసుక తవ్వి తెచ్చి ఇక్కడ పోస్తుంది. పోసింది ఎంత నిలుస్తోంది, ఎటు పోతోంది? అది తెలియాలంటే సముద్రం అడుగున రెండు సెన్సర్లు పెట్టి కొన్నేళ్ళు ఓపిగ్గా చూడాలి. 1933లో పోర్టు తెరిచే నాటికే ఆ కొండ కింద అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్నే ముంచేశారు. ఆ తెల్లదొరలు ఓడల్నే నీళ్ళలో వేశారు కదా, మేం అడిగింది రెండు డబ్బాలు!

చట్టంలో ఇంకో మెలిక ఉంది. కంపెనీ మామూలుగా చేసే వ్యాపారం దీని కిందికి రాదు. దాంతో సముద్రంతో సంబంధం ఉన్నవాళ్ళు, "ఇది మా వ్యాపారంలోకే వస్తుంది మాస్టారూ, రూలు ఒప్పుకోదు" అన్నారు. సంబంధం లేనివాళ్ళు, "ఇసుకతో మాకేంటండీ సంబంధం?" అన్నారు. రెండూ సబబే. 

ఒకచోట మాత్రం ఓ అధికారి ఫైలు తెరిచారు. చదువుకున్న మనిషి, మాట మెత్తన. 

"లబ్ధిదారులు ఎంతమందండీ?"

మా సముద్రశాస్త్రం ప్రొఫెసరు ఉన్నమాట దాచలేని మనిషి. "ఇసుక రేణువులండీ, లెక్కకు అందవు" అనేశాడు. నేను అడ్డుపడి, "పొద్దున్నే వాకింగుకొచ్చేవాళ్ళు, మురీ మిక్చర్ అమ్ముకునేవాళ్ళు, పడవలవాళ్ళు" అని మనుషుల్ని కూడదీశాను. ఆయన రాసుకున్నారు.

"మరి మా కంపెనీ బోర్డు ఎక్కడ పెడతారు?"

"సెన్సరు పక్కనే."

"సెన్సరు ఎక్కడ?"

"నీళ్ళడుగున."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. రిబ్బను కత్తిరించాలంటే ఎండీగారు ఈత నేర్చుకోవాలన్న సంగతి అప్పటిదాకా మాకు తట్టనేలేదు. అప్పుడే వచ్చింది జీడిపప్పు.

ఆ ఏడాది ఆ కంపెనీ సిమెంటు బల్లలు వేయించింది. వాటిని తిట్టను, సాయంత్రం నేనూ కూర్చుంటాను. వీపు ఆనించే చోట కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఇంటికెళ్ళేసరికి చొక్కా మీద నేనూ కాస్త ప్రచారం మోసుకెళ్తాను.

ఇలాంటి సాయంత్రాలే పాత రోజుల మీదికి మనసు పోతుంది. మా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదటి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు, 1931లో వచ్చినవారు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఇద్దరూ మాటతో కోటలు కట్టగలవాళ్ళు, కోటలో ఉన్నవాళ్ళను ఒప్పించగలవాళ్ళు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఏటా! సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆ రాజుగారు కాన్సెప్ట్ నోట్ అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. అవుట్‌పుట్ వేరు, అవుట్‌కమ్ వేరు, ఇంపాక్ట్ వేరు అని మూడు గడుల్లో రాసి తెమ్మన్నట్టూ వినలేదు. (ఆ మూడింటికీ తేడా మాకిప్పటికీ తెలియదు. మొదటి గడిలో రాసిందే మిగతా రెంటిలో కాస్త గంభీరంగా రాస్తాం.)

రాజుగారిని చూపించి కంపెనీని ఎద్దేవా చేయడం తేలికే గానీ న్యాయం కాదు. రాజుగారిది శిస్తు సొమ్ము, ఎవరికిచ్చావని రైతు అడగలేడు. ఈ అధికారి బోర్డుకు జవాబు చెప్పాలి, ఆడిటరుకు చెప్పాలి. ఎందుకు, ఎంతమందికి అని అడగడం ఆయన పని. నాకున్న పేచీ ప్రశ్నతో కాదు, క్యాలెండరుతో. సముద్రానికి మార్చి 31 తెలియదు.

కంపెనీకి తెలుసు. ఏప్రిల్ నుంచి ఫోనెత్తని నంబరు ఫిబ్రవరి చివర్లో తనంతట తనే మోగుతుంది. "మాస్టారూ, బడ్జెట్ కొంత మిగిలింది, మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టగలరా?" పెట్టలేం. మా దగ్గర ఫైలు డీనుగారి నుంచి రిజిస్ట్రారు గారికి వెళ్ళడానికే ఉగాది దాటుతుంది. మూడు కొటేషన్లు కావాలంటారు. ఆ పరికరం అమ్మేవాళ్ళు మాకు దొరికింది ఇద్దరే. మూడో కొటేషన్ సముద్రుణ్ణే అడగాలి. డబ్బు అందితే ఖర్చు పెట్టామని రాసిచ్చే యూసీ, ఫోటోలు. ఈ లోగా మా అటెండరు రోజూ గుమ్మంలో నిలబడి, "ఏటి మాస్టారూ, సముద్రం డబ్బులు పడ్డాయేటి?" అని పరామర్శ.

తమాషా ఏమంటే, చట్టం మనం అనుకున్నంత తొందరపాటు మనిషి కాదు. 'కొనసాగే ప్రాజెక్టు' అనే మాట అందులోనే ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళు సాగించవచ్చు. ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీల సైన్సు పరిశోధనకు ఇవ్వొచ్చని షెడ్యూల్ ఏడులోనూ రాసుంది. రాసున్నది చదివేవాళ్ళు అటూ తక్కువ, ఇటూ తక్కువ.

కాబట్టి ఈ ఊరి సీఎస్సార్ అధికారులకు ఒక మనవి. ఫోను నవంబరులో చేయండి. ఇచ్చేది రెండు లక్షలైనా మూడేళ్ళకని రాసివ్వండి. మీ బోర్డు నీళ్ళడుగున పెట్టలేం గానీ ఒడ్డున పెడతాం, అక్షరాలు మీ ఇష్టమొచ్చినంత పెద్దవి. జీడిపప్పు వద్దు, టీ చాలు.