గేర్‌బాక్స్ దించాల్సిందేనండీ!

పొన్నూరు, నిడుబ్రోలు వైపు పాత అంబాసిడర్‌ను ఇంకా వదలనివాళ్లు ఒకటే మాట చెబుతారు: "కంప్యూటర్ బండ్లలాగా కాదండీ, ఇది ఏ చెట్టు కిందైనా బాగైపోద్ది." నిజమే. విప్పడానికి వేపచెట్టు నీడ, నాలుగు పానాలు, ఒక జాకీ చాలు. ఏది విప్పాలో తేల్చడం దగ్గరే వస్తుంది చిక్కు. దానికి షెడ్లలో ఎప్పుడో ఒకే జవాబు ఖాయమైపోయింది. వెనక 'టక్' మందా, గేర్‌బాక్స్ దించాలి. గేరు పడట్లేదా, గేర్‌బాక్స్ దించాలి. అరవై దాటితే బండి వణుకుతోందా, గేర్‌బాక్స్ దించాలి. హారన్ మోగకపోతే మాత్రం దించమన్నవాళ్లు ఇంకా తగల్లేదు.

ఈ తీర్పు వెలువడే తీరు చూడాల్సిందే. బండిని షెడ్డు ముందు ఆపుతారు. మేస్త్రీ బానెట్ మీద చెయ్యి వేసి, కుర్రాడి చేత రెండుసార్లు ఎక్సలేటర్ తొక్కించి, కచేరీలో ముందు వరసలో కూర్చున్నాయన లాగా కళ్లు మూసుకుని తల పంకిస్తాడు.

"ఏం మేస్త్రీ, ఏమంటావు?"

"లోపల పళ్లు పోయినయ్యండీ. దించాల్సిందే."

చేబ్రోలు రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు మాత్రమే వచ్చే మోత, ఆగి ఉన్న బండిలో ఆయనకెలా వినపడిందో ఎవరూ అడగరు. తగువు తీర్చడానికి దేవుడే వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థలపురాణం చెప్పుకునే ఊరు పొన్నూరు. సాక్షి భావనారాయణస్వామి గుడి ఉన్న ఊళ్లో గేర్‌బాక్స్ మీద మాత్రం సాక్ష్యం లేకుండానే శిక్ష పడిపోతుంది.

పైగా ముద్దాయి అంత గూఢమైన యంత్రమేమీ కాదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను తెచ్చి బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలుపెట్టిన బండి, 2014 మే దాకా వస్తూనే ఉంది. ముందు ఇంజను, దాని వెనక క్లచ్, తర్వాత గేర్‌బాక్స్, పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు, చివర్న డిఫరెన్షియల్. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. రోగం ఆ వరసలో ఎక్కడుందో బండే చెబుతుంది. అడిగే ఓపిక కావాలి, అంతే.

న్యూట్రల్‌లో నిలబెట్టి క్లచ్ తొక్కండి. తొక్కగానే మోత ఆగితే గేర్‌బాక్స్ ముందు బేరింగును అనుమానించాలి. తొక్కితేనే మోత మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగు. ఇక రోడ్డెక్కి చూడండి. నాలుగో గేరులో ఇంజను తిప్పుడు నేరుగా వెనక్కి పోతుంది, లోపలి పళ్ల మీద బరువు పడదు. కాబట్టి మొదటి మూడు గేర్లలో ఏడ్చిన బండి నాలుగులో నోరు మూసుకుంటే అప్పుడు గేర్‌బాక్స్‌ను తిట్టొచ్చు. నాలుగింటిలోనూ ఒకేలా ఏడిస్తే వెనక్కి వెళ్లాలి. ఎక్సలేటర్ తొక్కితే ఒక రాగం, కాలు తీస్తే ఇంకో రాగం అయితే చూడాల్సింది డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్. మలుపులో మోత మారితే చక్రం బేరింగు.

ఇక ఆ 'టక్' సంగతి. బండి కదిలేటప్పుడు, రివర్సు వేసేటప్పుడు వచ్చే ఆ చప్పుడుకి పాతబండ్లలో ముందుగా చూడాల్సిన చోటు ప్రొపెల్లర్ షాఫ్టు కొసల్లో ఉండే జాయింట్ క్రాసు. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, కిందకి దూరి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. క్రాసు పోతే రెండు కొసల మధ్య ఆట చేతికే తెలుస్తుంది. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కూడా కనపడవచ్చు. షాఫ్టు విప్పి క్రాసు మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ జోలికి పోనక్కర్లేదు. గేరు పడకపోవడమూ అంతే. స్టీరింగ్ పక్కన ఉండే హ్యాండ్ గేరు నుంచి గేర్‌బాక్స్ దాకా రాడ్లు, బుష్షులు ఉంటాయి. చిన్న బుష్షు అరిగితే లివరు వెళుతుంది, గేరు వెళ్లదు. బుష్షు అరిగినందుకు బాక్సు దించడమంటే చెప్పు తెగితే కాలు తీయించుకోవడమే.

దించే పనిలేకుండానే రోగం మాయం చేసే ఘనులూ లేకపోలేదు. మోత అణగడానికి గేర్ ఆయిల్లో రంపపు పొట్టు కలిపి బండి అమ్మేసే విద్య లోకమంతా ఉంది. రోల్డ్ డాల్ 1988లో రాసిన 'మటిల్డా'లో ఆ పిల్ల తండ్రి చేసే వ్యాపారమే ఇది. కొన్నవాడు కొంతదూరం పోయేదాకా ప్రశాంతత.

ఇంతకీ తప్పంతా మేస్త్రీదేనా? ఆయనకు చేతకాక కాదు. కాసేపు కిందకి దూరి, రోడ్డు మీద తిప్పి, "మీ గేర్‌బాక్స్ బ్రహ్మాండంగా ఉందండీ, క్రాసు ఒకటి మార్చండి" అన్నాడనుకోండి. యజమాని ఏమంటాడు? "చూసినందుకు కూడా డబ్బులా?" అంటాడు. 2017లో అంబాసిడర్ అనే పేరు ఒక్కటే ప్యూజో వాళ్లకు 80 కోట్లకు అమ్ముడుపోయింది. ఆ పేరు తగిలించుకున్న బండికి క్రోమ్ పూత వేయించి, కొత్త సీటు కవర్లు తొడిగి, పెళ్లి ఊరేగింపుకి తిప్పే ఆసామి, రోగం పట్టుకున్నవాడికి మాత్రం పైసా విదల్చడు. విప్పి నేలమీద పరిచి, నూనె కారుతుండగా చూపిస్తేనే ఆయనకు పని జరిగినట్టు. అందుకే దించుతారు. దించినప్పుడల్లా సీళ్లు, బోల్టులు, కొత్త లీకులు వేరే ఖాతా.

కనక పాతబండి ఉన్న పెద్దమనుషులకు ఒక మనవి. ముందు చూపుడు కూలి ఎంతో అడిగి, అది ఇచ్చి, మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని నారాకోడూరు దాకా తిప్పి తీసుకురండి. అప్పటికీ "దించాల్సిందేనండీ" అంటే, ఏ గేరులో, ఏ పరీక్షలో తేలిందో అడిగి, ఆ తర్వాతే జాకీ ఎత్తనివ్వండి.