నా ఒంటి మీద ఒక ఊరు

నేను మల్కాపురం రాతిస్తంభాన్ని. కృష్ణకు దక్షిణాన, మందడం పక్కన, నెత్తిన నందిని మోస్తూ నిలబడ్డాను. 2015 సెప్టెంబరులో పట్టిసీమ దగ్గర తోడిన గోదావరి నీళ్ళు పోలవరం కుడికాలువ వెంట వచ్చి మా కృష్ణలో కలిశాయి. ఆ రోజు నాకు చుట్టాలొచ్చినట్టయింది. పట్టిసీమలో ఏటి నడుమ కొండమీద కొలువున్నది వీరభద్రుడు. ఒకప్పుడు మా ఊరికి కాపలా కాసిన పదిమందినీ వీరభద్రులనే పిలిచేవారు.

ఉలి నా ఒంట్లో దిగింది 1261లో, రుద్రమదేవి ఏలుబడిలో. గోళకీ మఠం గురువు విశ్వేశ్వర శంభుకు మందడం ఇస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. కూతురు ఆ మాట నిలబెట్టింది. పైగా వెలగపూడినీ, కృష్ణలో లంకల్నీ చేర్చి ధారపోసింది. ఆ మఠం మూలం ఎక్కడో నర్మద దాపున డాహళ మండలంలో ఉంది. అక్కడ దాని తొలి గురువుకు రాజు మూడు లక్షల ఊళ్ళు భిక్షగా ఇచ్చాడని కూడా నా మీద చెక్కారు.

ఐరోపాలో సెయింట్ గాలెన్ మఠాధిపతులు 1798 దాకా తమ సీమను ఏలారట. మా గురువు ఏలింది చిన్న సీమే, కానీ లెక్క గట్టిది. రాబడి మూడు పాళ్ళు. ఒకటి శివుడికి. ఒకటి మఠానికీ, చదువుకునే పిల్లలకీ. మూడోది ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ అన్నసత్రానికీ. దేవుడికి ఎంతో, పురిటి మంచానికీ రోగికీ ఆకలికీ కలిపి అంతే! ఈ మాట తలుచుకుంటే ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా నా రాయి వెచ్చబడుతుంది. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలి. వేదాలు చెప్పేవాళ్ళు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, అందరికీ భూమి రాసిచ్చారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట వేరే ఉంది. మఠాధిపతి దారి తప్పితే ఆయన్ని దించేసి, తగినవాణ్ణి కూర్చోబెట్టాలి. గురువు తన పీఠానికే కళ్ళెం వేసి, దాన్ని ఎండకూ వానకూ చెరగకుండా నా మీద చెక్కించాడు. తాటాకు మీద రాస్తే ఎవరైనా పొయ్యిలో పెట్టేవారేమో.

ప్రసూతిశాల గోడలు ఇప్పుడు లేవు. నేనున్నాను. వెలగపూడిలో రాష్ట్ర సచివాలయం వెలిసింది, కార్లు బారులు తీరి పోతుంటాయి. మొన్న ఓ మేష్టారు బడిపిల్లల్ని తీసుకొచ్చి నా సంగతంతా చెప్పాడు. ఓ పిల్ల నా దగ్గరికొచ్చి, దుమ్ము పేరుకున్న అక్షరాన్ని చూపుడువేలితో తుడిచింది. గాడిలోంచి మట్టి పొడిపొడిగా రాలింది.

“ఇక్కడ పురుడు పోసేవారా మేష్టారూ?” అంది.

“అవునమ్మా.”

పిల్ల వేలు తియ్యలేదు.