బాపు చాటు మేజర్లు

పద్దెనిమిదేళ్లు నిండిన పోరడు ఎమ్మెల్యేను ఎన్నుకోవచ్చు. ఇరవై ఒకటి నిండితే సర్పంచ్‌గా నిలబడొచ్చు, గెలిస్తే గ్రామపంచాయతీ చెక్కుల మీద సంతకాలూ పెట్టొచ్చు. అదే సర్పంచ్ సాబ్ కరీంనగర్‌ల శాతవాహన యూనివర్సిటీలో పీజీలో చేరి, ఈపాస్ వెబ్‌సైట్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకుంటే మాత్రం బాపు ఆదాయం సర్టిఫికెట్ తేవాల్సిందే. ఊరి పద్దు రాసేవాడికి సొంత పద్దు ఒకటి ఉంటుందంటే సర్కారు నమ్మదు.

కేంద్రం వారి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలు ఈ ముచ్చటలో ఏ అనుమానమూ మిగల్చలేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికున్నా లెక్కలోకి వచ్చేది వాళ్ల ఆదాయమే. ఇద్దరూ పోతే, పోషిస్తున్న సంరక్షకుడి ఆదాయం. పెళ్లయి ఉద్యోగం లేని అమ్మాయికైతే మొగుడి ఆదాయం. అంటే అబ్బాయి తన కాళ్ల మీద తాను నిలబడ్డట్టు కాగితం మీద రుజువు కావాలంటే ముందు అవ్వ, బాపు ఇద్దరూ కాలం చేయాలి. ఆ తర్వాత ఏ మేనమామో వచ్చి ‘వీణ్ణి నేనే సాదుతున్న’ అనకుండా కాచుకోవాలి. ఆడపిల్లకు ఆ పాటి ఆశ కూడా లేదు. ధరణి పోయి భూభారతి వచ్చినా ఎకరం భూమికి మ్యుటేషన్ కాక జనం చెప్పులు అరగదీస్తున్నారు గానీ, ఈమె ఖాతా బాపు పేరు నుంచి మొగుడి పేరుకు మూడు ముళ్లతోనే మారిపోతుంది.

గల్ఫ్ బాపుల సంగతి ఇంకో తీరు. జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊళ్లోనైనా వినపడగల మాటలివి.

‘మీ బాపు ఏం జేస్తడు?’ అంటాడు ఆదాయం లెక్క రాసే గిర్దావర్ సారు.

‘దుబాయ్‌ల ఉంటడు సార్.’

‘అయితే బాగనే సంపాయిస్తడు.’

‘మూడేండ్ల సంది పైస పంపుతలేడు సార్. ఫోన్ గూడ లేపడు.’

‘పంపుతడా లేదా అని ఫారంల అడుగలేదు. ఉన్నడా, లేడా?’

ఉన్నాడు. ఉండటమే బాపు చేసిన తప్పు. అవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపినా, పోరడు ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కు పోయి పుస్తకాలు కొనుక్కున్నా, ఎక్కడో ఎడారిలో ఉన్న మనిషి జీతం వీడి చదువుకు అడ్డం పడుతుంది. పోషించడం వేరు, ఆదాయం ఉండటం వేరని నిబంధన రాసినాయనకు తట్టి ఉండదు. ఆయన బాపు నెల నెలా మనియార్డర్ పంపిన బాపు అయి ఉంటాడు.

ఊళ్లోనే ఉండే బాపులతో ఈ తకరారు లేదు. ‘పోయినేడు ఎంత రాసిన?’ ‘అరవై వేలు సార్.’ ‘అదే రాస్తున్న.’ ఆదిలాబాద్‌లో పత్తి ధర పెరగనీ, పడిపోనీ, చేనంతా గులాబీ పురుగు తిననీ, బాపు ఆదాయం అరవై వేల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. ఇంత నిలకడైన ఆర్థిక వ్యవస్థ రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌కు కలలోనైనా కనబడి ఉండదు.

అమెరికాలో ఇట్లా కాదట. అక్కడి ఫెడరల్ సాయం దరఖాస్తు, ఫాఫ్సాలో, విద్యార్థికి ఇరవై నాలుగేళ్లు వచ్చినా, పెళ్లయినా, సైన్యంలో పనిచేసి వచ్చినా, ఎంఎస్ వంటి పై చదువులో చేరినా అమ్మానాన్నల సంపాదన అడగరు. ఆ లెక్కన డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న మన హుజూరాబాద్ పోరడు స్వతంత్రుడే. కాకపోతే ఆ దేశపు పౌరుడు కాడు గనుక ఆ సొమ్ములో ఒక్క డాలరూ రాదు. విద్యారుణంలో సహరుణగ్రహీత బాపు. రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి పూచీ అడుగుతుంది కనుక తాకట్టులో ఉన్నది బాపు ఇల్లు.

ఈ విదేశీ చదువు దగ్గరే బాపు అసలు ప్రతిభ బయటపడుతుంది. డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం పల్లెటూరి బీసీ బాపు ఏడాదికి లక్షన్నర దాటని పేదవాడు. మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద 20 లక్షలు రావాలంటే కుటుంబ ఆదాయం 5 లక్షలు దాటకూడదు కాబట్టి అప్పటికి కొద్దిగా కోలుకుంటాడు. వీసా ఇంటర్వ్యూ వారంలో చార్టర్డ్ అకౌంటెంట్ ముద్ర పడేసరికి అదే బాపు కోటీశ్వరుడు. మధ్యలో ఆయన చేసిందల్లా బస్సెక్కి కరీంనగర్ పోయి రావడమే. మూడు కాగితాలూ ఒకే ఫైలులో పక్కపక్కనే పడుకుంటాయి, ఎన్నడూ కొట్లాడుకోవు.

నిజంగా తన బతుకు తాను బతుకుతున్న పోరడి దగ్గర ఇన్ని కాగితాలు ఉండవు. ఉట్నూరు పక్క గూడెం నుంచి వచ్చి, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లులో పనిచేసి, మిగతా రోజులు పార్సిళ్లు మోసి, 75 శాతం హాజరు కూడా నింపుకున్న పోరణ్నే తీసుకోండి. బాపు పేదవాడేనని రుజువు చేశాడు. అర్హుడయ్యాడు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం అర్హతలను ఏటా టైముకు అడుగుతుంది గానీ, డబ్బు విషయంలో అంత తొందరపడదు. బకాయిలు వేల కోట్లకు చేరి, 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. బంద్ పెట్టలేని విద్యార్థికి కోర్సు అయిపోయాక కాలేజీ కౌంటర్ దగ్గర ఈ సంభాషణ తప్పదు.

‘సర్కారు పైసలు రాలే. ఫీజు కట్టి మెమోలు తీస్కపో.’

పోరడు జేబులోంచి నోట్లు తీసి లెక్కబెట్టాడు.

‘బాపు పంపిండా?’

‘లేదు సార్. నేను పనిచేసి దాచుకున్నయ్.’

క్లర్కు చెయ్యి ఆగింది. ‘నీకు ఆదాయం ఉన్నదా? పని జేసేటోడైతే వాని సంపాదన గూడ బాపు ఆదాయంల కలుపాలె. మరి ఫారంల ఎందుకు సూపియ్యలే?’