ఛాయాగ్రహణం భేష్, మిగతాది మేం చూడలేదు

బూతు సినిమా చూసొచ్చినవాణ్ణి ఆపి "ఎలా ఉందిరా?" అని అడిగారనుకోండి. "లైటింగ్ కాస్త ఫ్లాట్‌గా ఉంది, రెండో రీల్లో సౌండ్ సింక్ తప్పింది" అన్నాడంటే వాడు అబద్ధమైనా ఆడుతుండాలి, విమర్శకుడైనా అయ్యుండాలి. ఈ రెండో జాతి అమెరికాలో యాభై ఏళ్లుగా వర్ధిల్లుతోంది.

వీళ్ల ఇలవేల్పు 1972 నాటి 'డీప్ థ్రోట్'. ఒకప్పుడు న్యూయార్క్‌లో బ్యూటీ సెలూన్ నడిపిన జెరార్డ్ డమియానో, మయామీలో కొద్ది రోజుల్లో చుట్టేసిన గంట సినిమా. ఖర్చు సుమారు పాతికవేల డాలర్లు. అదే ఏడాది వచ్చిన 'గాడ్‌ఫాదర్'కి అరవై లక్షల పైమాటే. అందులో బ్రాండో కళ్లు చీకట్లో కలిసిపోతే అది ఛాయాగ్రాహకుడు గోర్డన్ విల్లిస్ ప్రతిభ. ఇందులో మొహం చీకట్లో కలిసిపోతే రెండో లైటుకి డబ్బుల్లేకే కావచ్చు. కానీ మన పండితుడు ఒప్పుకోడు. అతుకుల ఎడిటింగ్‌లో తిరుగుబాటు కనిపెడతాడు, కుదరని డబ్బింగ్‌లో కాలం నాడి పట్టుకుంటాడు.

ఈ జబ్బు కోర్టులో ముదిరింది. సామాజిక విలువ బొత్తిగా లేదని తేలితేనే అశ్లీలమన్నది 1966 నాటి సుప్రీంకోర్టు కొలత. చిటికెడు విలువ చూపించగలిగితే గట్టెక్కినట్టే. అందుకే న్యూయార్క్‌లో ఈ సినిమా ఆడించిన థియేటర్ మీద కేసు నడిచినప్పుడు ఆర్థర్ నైట్ అంతటి విమర్శకుడు బోనెక్కి దాన్ని వెనకేసుకొచ్చాడు. 1973 మార్చిలో జడ్జి జోయెల్ టైలర్ ఆ పప్పులేవీ ఉడకనివ్వలేదు. ఆ జూన్‌లో మిల్లర్ కేసులో సుప్రీంకోర్టు కొలతనే మార్చేసింది: చిటికెడు చాలదు, సాహిత్యమో కళో రాజకీయమో శాస్త్రమో, ఏదో ఒకదానిలో గట్టి విలువే ఉండాలంది. విలువలు వెతికేవాళ్లకి చేతినిండా పని!

వాళ్లనేం అనలేం. ఒక కక్షిదారు ఉన్నాడు, శిక్ష తప్పించాలి. ఇవాళ సోఫాలో కూర్చుని 4కె డిస్కు పెట్టుకుని "ఆ గ్రెయిన్ చూశారా, ఎంత సహజంగా ఉందో!" అని మురిసిపోయేవాడి మీద ఏ కేసుందని?

మన ఊళ్లలో మలయాళం సినిమా మార్నింగ్ షోకి మొహానికి తుండు చుట్టుకుని వెళ్లినవాడు వీడికంటే నయం. ఆపరేటర్ మధ్యలో 'బిట్టు' కలపకపోతే కుర్చీలు విరగ్గొట్టేవాడు గానీ, బిట్టు రంగు అసలు సినిమా రంగుతో కలవలేదని గొడవపడ్డవాడు ఏ సెంటర్లోనూ లేడు. ఎందుకొచ్చాడో వాడికి తెలుసు, టిక్కెట్ చింపేవాడికీ తెలుసు.

ఇంతటి సూక్ష్మదృష్టి గల పండితుడు చూడనిది ఒకటుంది. 'డీప్ థ్రోట్'లో నటించిన లిండా బోర్మన్, తెర మీద లిండా లవ్‌లేస్, 1980లో 'ఆర్డీల్' అని ఆత్మకథ రాసింది. అప్పటి భర్త చక్ ట్రేనర్ తనను కొట్టి, తుపాకీ చూపించి బెదిరించి ఈ పనులు చేయించాడని అందులో చెప్పింది. పారితోషికం 1,250 డాలర్లనీ, అదీ తన చేతికి రాలేదనీ చెప్పింది. 1986లో, అశ్లీలత మీద ప్రభుత్వం వేసిన మీస్ కమిషన్ ముందూ అదే గోడు. ఆమె మాట నమ్మనివాళ్లు, ఆ సినిమాలో పనిచేసినవాళ్లతో సహా, చాలామందే ఉన్నారు. సరే, ఆ వాదన పక్కన పెట్టండి. కాళ్ల మీద కమిలిన మచ్చలు సినిమాలోనే కనిపిస్తాయని కూడా చెప్పింది కదా! ఫ్రేము మూలన మైకు నీడ పడితే ఎగిరి పట్టుకునే కన్ను, నట్టనడుమ ఉన్న కాలి మీద ఎందుకు ఆగలేదు?

పాత నెగెటివ్‌ని శుభ్రం చేసేటప్పుడు గీతలు తీసేస్తారు, దుమ్ము తుడిచేస్తారు, వెలిసిన రంగులకు ప్రాణం పోస్తారు. ఆ లెక్కన కమిలిన నీలం మునుపటికంటే బాగా కనిపించాలి. ఇంతకీ పండితులవారు ఆ మచ్చల్ని ఏ పద్దులో వేస్తారు? మేకప్ లోపమా, ప్రింటు లోపమా, లేక తక్కువ బడ్జెట్‌లో సాధించిన వాస్తవికతా? దానికి ఐదింట ఎన్ని నక్షత్రాలు?